పిట్టలు తోలే ఉద్యోగం

నా చిన్నప్పుడు మా పెదనాయన విమానాశ్రయంలో పిట్టలు తోలే పని చేసేవాడు. చేజర్లలో జొన్నచేనికి కాపలా కాసిన మనిషి, పట్నంలో టపాకాయలు పేల్చి, విమానాలకు అడ్డం రాకుండా గద్దల్ని బెదరగొడతాడంటే ఆత్మకూరులో మా ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. ఆ రన్‌వే దొరల కాలంలో వేసిందట. చాలా ఏళ్ళు ఊరికే పడివుంటే చుట్టుపక్కలవాళ్ళు దానిమీద మిరపకాయలు ఆరబోసుకునేవాళ్ళట. నేను చూసేనాటికి రోజుకు రెండు విమానాలు దిగేవి.

ఒక ఎండాకాలం సెలవులకు నన్ను అక్కడికి పంపారు. పెదనాయన అద్దెకున్న ఇల్లు విమానాశ్రయం ప్రహరీకి దగ్గరే. ఆదివారం పెద్దమ్మ కోడిని కోసి, పేగులూ ఈకలూ గిన్నెలో వేసి, దూరంగా ఉన్న గుంతలో పూడ్చి రమ్మంది. కాళ్ళు కాలుతున్నాయి. అంతదూరం పోబుద్ధికాక గోడ పక్కనే గుమ్మరించి వచ్చేశాను.

సాయంత్రం విమానం కిందికి దిగుతూ దిగుతూ, పెద్ద రొదతో మళ్ళీ పైకి లేచిపోయింది. గోడమీదుగా గద్దలే గద్దలు. పెదనాయన టపాకాయలు పేలుస్తూ పరుగెత్తుతున్నాడు. నేను పోసిన పేగులకే వచ్చాయని నాకు అర్థమైంది. కాసేపు పైన తిరిగి విమానం క్షేమంగానే దిగింది.

పెదనాయన గోడ పక్కన పడివున్నది చూశాడు, నా మొహం చూశాడు. తిట్టలేదు. చెయ్యి పట్టుకుని, జనం బయటికొచ్చే గేటు దగ్గర నిలబెట్టాడు. ఒక ముసలామె కొడుకు భుజం వదలకుండా వణుకుతూ వచ్చింది. ఒక తల్లి చంటిబిడ్డను అదుముకుని అక్కడే నేలమీద కూలబడింది.

"వీళ్ళంతా దాంట్లో ఉండారమ్మా. చూడు."

"నేనే పోసినాను పెదనాయనా," అని ఏడ్చాను.

"తెలుసులే. చెప్పినావు గదా, చాలు."

ఆఫీసరు అడిగితే, "మా ఇంటి చెత్తే సార్, చూసుకోలేదు, తప్పు నాది," అన్నాడు. పక్కనే ఉన్న నేను ఆయన వెనక్కి జరిగాను. కుక్కలు గుంత తవ్వి లాక్కొచ్చాయని పెద్దమ్మకు చెప్పాడు. కొద్దిరోజులకే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

చేజర్లకు తిరిగొచ్చి మళ్ళీ సేద్యంలో పడ్డాడు. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసుంటే ఆ ఉద్యోగం నిలిచేది గదన్నా," అని మా నాయన ఎన్నిసార్లు అన్నాడో. అన్నప్పుడల్లా పెదనాయన తలెత్తకుండా అన్నం కలుపుకునేవాడు. నావైపు చూస్తే నేను బయటపడతానని కాబోలు. నేనూ చెప్పలేదు. ఆయన పోయాడు. ఆయన అజాగ్రత్త మనిషనే అనుకుంటూ మా నాయనా పోయాడు.

ఒకసారి ఒకరి ముందు నిజం చెప్పేస్తే సరిపోదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరిమీదైనా తప్పు మోపుతుంటే, ముందు అక్కడున్న పిల్లల్ని చూస్తాను. తలొంచుకున్న బిడ్డను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను. అడగను. నోరు విప్పేదాకా మాత్రం లేవను.