ఖాళీ డబ్బా అని అరిచింది నేనే

మా వదినను చుట్టాలందరూ హాట్‌ప్యాక్ వదిన అంటారు. టీవీ ఆటలో వాషింగ్ మెషీన్ వదిలేసి హాట్‌ప్యాక్‌లు తెచ్చుకున్న మనిషని విద్యానగర్ నుంచి అడిక్‌మెట్ దాకా మా వాళ్లలో ఆమెకు పేరు. ఆ పేరు పెట్టి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఆ రోజు జరిగింది వేరు.

కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన కాలం. చిక్కడపల్లిలో అన్నావదినల రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటూ, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్లేవాణ్ని. "ఇంకెన్నేండ్లు చదువుతడు వీడు?" అని అన్న రోజూ అడిగేవాడు. నన్ను కాదు, వదినను. ఆమె కూరగాయలు తరుగుతూ నా గైడు ముందు పెట్టుకుని ప్రశ్నలు అడిగేది. నేను తప్పులు చెబుతూనే ఉన్నాను, జవాబులన్నీ ఆమెకు వచ్చేశాయి.

ఒక లోకల్ చానల్ వాళ్లు నారాయణగూడలో ఫంక్షన్ హాలు తీసుకుని క్విజ్ ఆట షూటింగ్ చేసేవారు. నేను వెళ్తే మొదటి వడపోతలోనే ఇంటికి పొమ్మన్నారు. తోడు వచ్చిన వదినను ఊరికే నాలుగు ప్రశ్నలు అడిగి, ఆమెను ఉంచుకున్నారు.

ఆ ఆటల్లో గెలిచిన డబ్బు చేతికిచ్చేవారు కాదు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. అక్కడే, కెమెరా ముందే, ఆ మొత్తానికి సామాన్లు కొనుక్కోవాలి. స్టేజీ మీద ఒక పక్క చిన్న దుకాణం లాగా మిక్సీ, గ్రైండర్, వాషింగ్ మెషీన్, హాట్‌ప్యాక్‌లు, డిన్నర్ సెట్ పేర్చి, ఒక్కోదానికి పెళ్లికార్డంత ధర చీటీ అతికించేవారు. ఒక్క నిమిషం టైము. పేరు చెప్పిన వస్తువు తీసుకోవాల్సిందే, మళ్లీ వద్దంటే కుదరదు. మిగిలిన చిల్లరకు స్పాన్సర్ దుకాణం కూపన్. తోడు వచ్చినవాళ్లు గీత అవతల నిలబడి ఎంతైనా అరవచ్చు. ఒకాయనైతే, భార్య గెలిచింది ఇస్త్రీపెట్టెకు కూడా చాలకపోయినా, గొంతు పోయేదాకా "సోఫా! సోఫా!" అని అరిచాడు.

వదిన మాత్రం ముందే తేల్చుకుంది. "నాకు వాషింగ్ మెషీన్ ఒక్కటి రావాలె. ఇంకేం వద్దు," అని షూటింగ్‌కి నడిచి వెళ్తూ నాతో చెప్పింది. పెరట్లో బండ మీద ఇంటిల్లిపాది బట్టలూ ఆమే ఉతికేది. అందులో నా జీన్స్ ప్యాంట్లు ఉండేవి. తడిస్తే ఇద్దరు పట్టి పిండాల్సిన బరువు, ఆమె ఒక్కతే పిండేది.

ఆ రోజు షూటింగ్ ఆలస్యమైంది. ఏం తోచక స్టేజీ ఎక్కి, మెషీన్ మీద మోచెయ్యి ఆనించాను. అది పక్కకు జరిగింది. వేలితో తోసినా జరిగింది. తట్టి చూస్తే నూనె డబ్బాలా మోగింది. పక్కనున్న హాట్‌ప్యాక్‌ల అట్టపెట్టె ఎత్తబోతే, సీలు కూడా తియ్యలేదు, మంచి బరువుగా ఉంది. అంతే, మోసమంతా కనిపెట్టేశాననుకున్నాను.

వదిన అన్ని జవాబులూ చెప్పింది. మెషీన్‌కు సరిపోయి ఇంకా మిగిలేంత గెలిచింది. గంట కొట్టగానే నేరుగా మెషీన్ వైపు నడిచింది.

"వదినా, వద్దు! అది ఖాళీ డబ్బా! హాట్‌ప్యాక్‌లు తీసుకో, హాట్‌ప్యాక్‌లు!" అని అరిచాను.

ఆమె మెషీన్‌ను చూసింది, నన్ను చూసింది. టైము నడుస్తోంది. "హాట్‌ప్యాక్‌లు," అంది.

"ఎన్ని?" అన్నాడు యాంకర్.

"అన్నీ!" అని మళ్లీ నేనే అరిచాను.

"అన్నీ," అంది వదిన.

"ఏందక్కా, హోటల్ పెడుతున్నరా?" అన్నాడు యాంకర్. హాలంతా నవ్వింది.

టీవీలో వేసినప్పుడు ఆ నిమిషం పొడుగునా మ్యూజిక్ పెట్టారు. నా అరుపు వినపడలేదు. మెషీన్ దాకా వెళ్లి, వెనక్కి తిరిగి హాట్‌ప్యాక్‌లు అడిగిన మా వదిన మాత్రం చక్కగా కనిపించింది.

సామాను కోసం స్పాన్సర్ దుకాణానికి వెళ్లాక తెలిసింది, స్టేజీ మీద ఉన్నవి చూపించడానికేనని. గెలిచినవాళ్లకు గోదాంలోంచి కొత్తవి ఇస్తారు. మా ముందే, దోమలగూడ వాళ్లెవరో గెలుచుకున్న అదే రకం మెషీన్‌ను నలుగురు మనుషులు ఆయాసపడుతూ ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. వదిన నిలబడి చూసింది. తర్వాత, "ఆటోను పిలువు," అంది.

ఇంటికి వెళ్లాక అన్న ఆమెనే పట్టుకుని, "నీకు జర దిమాక్ ఉందా?" అన్నాడు. నేను హాట్‌ప్యాక్ మూతలు తీసి లోపల చూస్తూ కూర్చున్నాను. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, వేరే ఇల్లు తీసుకున్నాను. ఆ కథ మాత్రం ప్రతి ఫంక్షన్‌లోనూ నడిచింది. యాంకర్ గొంతు నేను బాగా అనుకరిస్తానని పేరు కూడా తెచ్చుకున్నాను.

మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు కొత్త కోడలు అటక సర్దుతోంది. "ఏంది అత్తమ్మా, గిన్ని హాట్‌ప్యాక్‌లు?" అంది పైనుంచి.

"మీ అత్త చేసిన షాపింగ్ అది!" అని అన్న అందుకున్నాడు.

"బాబాయ్, నువ్వు చెప్పు. ఆ యాంకర్ గొంతుతోని చెప్పాలె," అన్నాడు అన్న కొడుకు.

చెప్పడానికి నోరు తెరిచాను. వదిన వేళ్లకు నొప్పుల మందు రాసుకుంటోంది. నవ్వడానికి అందరితో పాటు ఆమె కూడా సిద్ధంగా ఉంది. నాకు ఆ గొంతు రాలేదు.

"హాట్‌ప్యాక్‌లు తీసుకొమ్మని అరిచింది నేను," అన్నాను. జరిగిందంతా చెప్పాను.

అన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇన్నేండ్లు నన్ను ఉల్లు బనాయించిండ్రా? నువ్వన్న చెప్పొద్దా?" అన్నాడు వదినతో.

"చెప్తే వీన్ని ఇంట్ల ఉంచేటోనివా? అప్పటికే రోజు లొల్లి చేస్తుంటివి," అంది వదిన.

"తప్పయింది వదినా," అన్నాను.

"మెషీన్ పోతే పోయింది. అప్పటికెల్లి నీ ప్యాంట్లన్న నువ్వు ఉతుక్కుంటవనుకున్న. గా పని గూడ చెయ్యకపోతివి."

నిజమే.

"ఫోన్ తియ్యి," అంది ఆమె. "ఇంట్ల చెప్తే ఏం లాభం? నవ్వింది అందరు గదా. ఫ్యామిలీ గ్రూపుల పెట్టు."

ఆ రోజు వదిన తప్పేమీ లేదని, ఆ సలహా నేనే ఇచ్చానని రాశాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని నా భుజం మీదుగా చదివింది.

"సలహా ఏంది? అరిచినవ్. ఖాళీ డబ్బా అని అరిచినవ్. గట్లనే రాయి."

కొట్టేసి, మళ్లీ రాశాను.