రాజేశం మొలతాళ్ళు

జగిత్యాల స్కానింగ్ సెంటర్లో మా మేనకోడలు రమ్య సంచిలోంచి కొత్త కోరాగుడ్డ తీసి పది నెలల కొడుకు కింద పరిచేసరికి, గదిలోని ఫినాయిల్ వాసనను మెడపట్టి గెంటేస్తూ గంజి వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నేను యాభై మూడేళ్ళవాణ్ణి కాను. సిరిసిల్లలో, ముందరి గది నిండా సాంచాలు, అంటే మరమగ్గాలు, టకటకలాడుతుంటే గోడమీది బల్లి కూడా ఆ తాళానికి తోకాడించేదని ఒట్టేసి చెప్పగలిగే పెంకుటింట్లో, చెడ్డీ జారిపోతున్న ఆరేళ్ళ పిల్లగాణ్ణి.

ఆ ఇంట్లో మా తమ్ముడు రాజేశం పుట్టినప్పుడు మంత్రసాని ఒక్కతే ఎత్తలేక మా నాయనను కేకేసిందట. ఆరు కిలోలని నాయనమ్మ అనేది, ఏడని నాయన, నేనైతే ఎనిమిదికి తగ్గను. వాడి నాలుక నోట్లో పట్టక, బయట వాన వస్తుందో లేదో చూడ్డానికన్నట్టు ఎప్పుడూ కాస్త ముందుకే ఉండేది. కుడికాలు ఎడమకాలికంటే లావు. లోకంలో అన్న చొక్కాలు తమ్ముడికి దిగుతాయి. మా ఇంట్లో మూడేళ్ళ తమ్ముడికి బిగుతైన చొక్కాలు ఆరేళ్ళ నాకు దిగేవి. చిర్రగోనె ఆటలో వాణ్ణి ఊరికే మా వైపు నిలబెడితే చాలు, అవతలి జట్టు సగం ఓడిపోయి ఉండేది. సద్దుల బతుకమ్మ నాడు అమ్మ బెల్లం, నెయ్యి పోసి కలిపిన మలీద ముద్దలు నేను రెండు తినేలోగా వాడు పళ్ళెం నాకి, నా మూడోదాని వైపు మర్యాదగా చూసేవాడు. వాడకట్టంతా వాణ్ణి పహిల్వాన్ అని పిలిచేది.

నాయనమ్మ పొద్దంతా కూర్చుని కండెలకు నూలు చుట్టేది. మిగిలిన నూలుపోగులు పేని, నల్లరంగు అద్ది రాజేశానికి మొలతాడు కట్టేది. అది బిగుతైతే తెంపి, రెండు వేళ్ళ నూలు ఎక్కువ వేసి కొత్తది కట్టి, పాతదాన్ని తలుపు పక్క మేకుకు తగిలించేది. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు ఆ తాళ్ళే. ఒకదాని పక్కన ఒకటి పట్టి, మనుమడు ఎంతెంత పెరిగాడో చూపించాకే వాళ్ళను కూర్చోమనేది.

ఆ ఏడు బతుకమ్మ ముందర ఒక్క నెలలో మొలతాడు మూడుసార్లు బిగుతైంది. మా ఇంట్లో అదే పెద్ద పండుగ. "సూడుండ్రి, నెల తిరగకముందే నా మనుమడు మూడు తాళ్ళు తెంపిండు," అని నాయనమ్మ వాడంతా చెప్పుకొచ్చింది. నూనె రాస్తూ అమ్మ, కడుపు ఎడమపక్క గట్టిగా తగులుతోందంటే, అది నెయ్యి బలమని నాయనమ్మ కొట్టిపారేసింది. వాడు ఏడవలేదు. తిన్నాడు, నవ్వాడు, నా చొక్కా చిరిగేదాకా నాతో కుస్తీ పట్టాడు. ఓ పొద్దున మూత్రం ఎర్రగా వచ్చింది. పట్నం పెద్ద దవాఖానకు ఎత్తుకుపోతే, కిడ్నీలో గడ్డ పెరిగి కడుపంతా నిండిందని, బాగా ఆలస్యమైందని చెప్పారు.

దీపావళి చూడలేదు వాడు.

నాయనమ్మ ఆ తాళ్ళన్నీ మేకు మీంచి తీసి, ఒక్కొక్కటే పొయ్యిలో వేసింది. ఇది మొదటి పన్ను వచ్చినప్పటిది, ఇది నడక నేర్చినప్పటిది అని చెప్పి మరీ వేసింది. చివరి మూడింటిని ఏమీ చెప్పకుండా వేసింది. తర్వాత పుట్టిన మా చెల్లె మొలకు ఆ ఇంట్లో ఎవరూ తాడు కట్టలేదు. రాజేశం పేరు కూడా ఎత్తలేదు.

అందుకే కోరుట్లలో ఆ చెల్లె బిడ్డ రమ్యకు, నాలుక పెద్దగా, ఒక కాలు లావుగా ఈ కొడుకు పుట్టినప్పుడు, ఇంట్లో ఇలాంటి పిల్లలు ఇదివరకు ఉన్నారా అని డాక్టరమ్మ అడిగితే, లేరనే చెప్పారు. డాక్టరమ్మ చెప్పేదేమంటే, మనిషి ఒంట్లో 'పెరుగు' అనేవాడొకడు, 'ఇక చాలు' అనేవాడొకడు ఉంటారట. ఈ పిల్లల్లో 'చాలు' అనేవాడు డ్యూటీకి సరిగ్గా రాడట. చాలామందికి ఇది ఎవరి నుంచీ రాదు, కొందరికి తల్లివైపు నుంచి దిగుతుంది. గడ్డలు అందరికీ రావు, కానీ ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా మూణ్ణెల్లకోసారి కడుపు స్కాన్ చేసి చూసుకోవాలి. రెండు స్కాన్లయ్యాక రమ్య అత్త ఇక వద్దంది. "పిల్లగాడు ఏడుస్తలేడు, మంచిగ తింటుండు. గిదంతా ఎందుకు?" అంది. పిల్లాణ్ణి చూద్దామని వెళ్ళిన నేను, ఆ నాలుక చూసి, సగం తాగిన చాయ్ కింద పెట్టి, నలభై ఏడేళ్ళ తర్వాత రాజేశం సంగతి చెప్పాను. తనకు ఇంకో అన్న ఉండేవాడని మా చెల్లెకు తెలిసింది ఆ రోజే.

ఇవాళ్టి స్కాన్‌లో ఏమీ లేదు. రక్తపరీక్ష రిపోర్టు ఇంకా రావాలి. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. సిరిసిల్లలో ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు, మా సాంచాలు పాత ఇనుముకు పోయాయి, వాణ్ణి పహిల్వాన్ అని పిలిచినవాళ్ళు పోయారు. వాడి ఫోటో ఒక్కటి లేదు. వాడి బరువు గురించి ఇప్పుడు నేను ఎంత చెబితే అంత, కాదనే మనిషి లేడు.

రమ్య కొడుకును రెండో భుజానికి మార్చుకుంది.

"మామా, వానికి నొస్తుండెనా?"

"లేదు బిడ్డా. నొస్తే మేం గూడ దవాఖానకు తీస్కపోయేటోళ్ళం."

ఆమె ఫోన్ తీసి, మూడు నెలల తర్వాతి తేదీ చూసింది.