కోడ్‌లో ఇరుక్కున్న పెళ్లి వీడియో

బల్గేరియా నగరం ప్లోవ్‌దివ్‌లోని మా కంపెనీలో నెవేనా స్పాసోవాను అందరూ అక్కా అనే పిలిచేవారు. యాభై ఏడేళ్ల మనిషి. రెండు వేల మంది ప్రోగ్రామర్లు రాసే కోడంతా దాచే రిపాజిటరీ ఆమె చేతిలో ఉండేది. రాసినదే కాదు, మార్చినదీ చెరిపేసినదీ కూడా, ఎవరు ఏనాడు చేశారో సహా అందులో ఉండిపోతుంది. అలా పదకొండేళ్ల చరిత్ర పేరుకుంది.

ఆ వసంతంలో అది నత్తనడక పట్టింది. కొత్తగా చేరినవాళ్లు కోడంతా తమ కంప్యూటర్‌లోకి దించుకోవాలంటే యాభై నిమిషాలు. కిందికెళ్లి బానిత్సా అనే జున్ను రొట్టె తిని, కాఫీ తాగి, సిగరెట్ కాల్చి వచ్చినా ఇంకా సగమే. ఇది చాలదన్నట్టు కోడ్‌ను పరీక్షించే మూడు వందల యంత్రాలు పగలంతా అదే సరుకు లాగుతూ ఉండేవి.

మా డైరెక్టర్ తిహోమిర్ మీటింగ్ పెట్టాడు. “కొత్త సర్వర్లు కొనేద్దాం. ఇవి ముసలివైపోయాయి.”

“ముసలితనం మాటెత్తావంటే లేచి వెళ్లిపోతా,” అంది నెవేనా. “మూడ్రోజులు ఆగు. అసలు ఏం మోస్తున్నామో చూడనీ.”

రిపాజిటరీలో అన్నిటికన్నా బరువైన ఫైళ్ల జాబితా తీసింది. మొదటి పేరు చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. ‘తిహో పెళ్లి’. ఆరు గిగాబైట్ల వీడియో. మా డైరెక్టర్ కుర్ర ప్రోగ్రామర్‌గా ఉన్న రోజుల్లో పొరపాటున అందులో పెట్టి, మర్నాడే తీసేశాడు. తీసేసినా చరిత్రలోంచి పోదుగా! పదకొండేళ్లుగా అందరం ఆయన పెళ్లిని మోస్తున్నాం.

పక్క సీటులో ఉన్న నేను పడీపడీ నవ్వాను. “మీటింగ్‌లో తెర మీద వేసేద్దామక్కా!”

“నోర్ముయ్. డైరెక్టరైనంత మాత్రాన వాడికి సిగ్గుండదా?”

నన్ను వెంటబెట్టుకుని అతని గదికెళ్లి తలుపు మూసింది. “తిహో, నీ పెళ్లికి రెండు వేల మందిమి వచ్చాం, తెలుసా?”

సంగతి వినగానే అతని చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి, “అక్కా... ఆ వీడియో నిజంగా ఇంకా ఉందా?” అన్నాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్రతి, డిస్కు పాడవడంతో పోయిందట. అందులో వాళ్ల నాన్న అందరి ముందుండి హోరో నాట్యం ఆడాడు. ఆ మరుసటి ఏడే చనిపోయాడు.

నెవేనా ఆ వీడియోను వేరే డిస్కులోకి ఎక్కించి, సరిగ్గా ఆడుతోందో లేదో చూసి అతని చేతిలో పెట్టింది. “ఇది జాగ్రత్త చేసుకో. ఆ తర్వాతే కోత.”

కోత అంటే చరిత్రను తిరగరాయడమే. ఎవరి దగ్గరున్న పాత ప్రతి వెనక్కి చేరినా వీడియో మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అందుకని వారమంతా అంతస్తు అంతస్తూ తిరిగి, పాత ప్రతులు పారేయమని బతిమాలింది, గదమాయించింది. శనివారం పొద్దున రిపాజిటరీ మూసి వీడియోను తొలగించింది. విడివిడిగా పడి ఉన్న లక్షలాది చిన్న ముక్కలను పెద్ద కట్టలుగా కట్టింది. పాత సర్వర్లే, ఇప్పుడు కోడంతా నాలుగు నిమిషాల్లో దించేశాయి.

సోమవారం మీటింగ్‌లో తిహోమిరే లేచి సంగతంతా చెప్పేశాడు. గదంతా గొల్లున నవ్వింది.

“ఇంతకీ చూశావా?” అని అడిగింది నెవేనా.

“నిన్న అమ్మతో కలిసి చూశాను. నాన్న ఆటలో ఒక అడుగు తప్పాడట. పదకొండేళ్లకు దొరికాడని అమ్మ ఒకటే నవ్వు.”