రాళ్ల బండికి సరిపోయే ప్లగ్గు

మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే, కింద నీడలో ఒక పెద్దమనిషి స్కూటర్ ఆపుకుని ప్లగ్గు విప్పి చేతిరుమాలుతో తుడుస్తున్నాడు. ఆయన భార్య కూరగాయల సంచి పట్టుకుని, ఈ జన్మకు ఇక ఇల్లు చేరమన్నట్టు నిలబడి ఉంది. ప్లగ్గు కొన బొగ్గులా నల్లగా ఉంది. పక్కనే ఉన్న అరుగు మీద కూర్చుండిపోయాను. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే వేలెడంత ఆ వస్తువు కోసం నేనొక ఆదివారం పొద్దున ఎల్బీనగర్‌లో కనబడిన షట్టరల్లా తట్టాను.

మా చిన్న కూతురికి ఒక బండి ఉండేది. దానికి సీటు లేదు. నిలబడే నడపాలి. ఇంటికి తెచ్చిన రోజు ఎదురింటావిడ వచ్చి, సీటు ఎవరెత్తుకుపోయారని జాలిగా అడిగి వెళ్లింది. అది రోడ్డు మీద ఉరికే బండి కాదు, బండరాళ్ల మీద మెల్లగా పాకే పోటీల బండి. కాలు నేలకు తగిలితే మార్కు పోతుంది, ఇంజిన్ ఆగితే ఆ రాయి మొత్తం పోయినట్టే. పోచంపల్లి దిక్కు మగ్గం వదిలి వచ్చి చీరల షాపుల్లో బతుకుతున్న ఇంట్లో ఈ పిచ్చి ఎలా పుట్టిందో నాకు తెలియదు. హయత్‌నగర్ అవతల ఎవరో రాళ్లెక్కుతుంటే చూసిందట, అంతే. తనూ చీరల షాపులోనే పని చేస్తూ, పాత బండి ఒకటి కొనుక్కుని, సెలవు దొరికితే ఆ రాళ్ల దగ్గరే ఉండేది. ఆ ఏడు ఒక బండ్ల కంపెనీ తన జట్టుకు మనుషులను ఎంచుకుంటోంది. జీతమిస్తారు, బండీ వాళ్లదే. వయసు హద్దు లెక్కన మా చిన్నదానికి అదే ఆఖరి అవకాశం. ఈసారి రాకపోతే బండి అమ్మేసి మళ్లీ ఆ మాటెత్తనని తండ్రితో అన్నది. ఆయన అడగలేదు, తనే అన్నది. అడగకుండా అన్నందుకే నాకు భయమేసింది.

సరిగ్గా ఎండాకాలం మొదట్లో బండి మొండికేసింది. రాయి సగం ఎక్కేదాకా బాగానే ఉండేది, అక్కడ ఒక్క క్షణం నిలిచి ముందు చక్రం లేపబోయేసరికి దగ్గి ఆగిపోయేది. పిల్ల బండితో సహా కిందికి జారేది. మోచేతులు చెక్కుకుపోయి ఇంటికి వచ్చేది. ఇంజిన్ మీద చెయ్యి పెడితే చుర్రుమనేది. మా ఆయన చెయ్యి పెట్టి చూసి, జ్వరం చూసిన వైద్యుడిలా తల ఊపాడు.

"దీనికి వేడి చేసింది," అన్నాడు.

మా ఇంట్లో ఏ రోగానికైనా ఆయన చెప్పే కారణం అదే. కళ్లు మండినా, కడుపు నొచ్చినా, నిద్ర పట్టకపోయినా వేడి చేసినట్టే. మందు కూడా ఒకటే: సబ్జా గింజలు, మజ్జిగ, రాగి అంబలి. బండికి అంబలి పోయలేక తడి గోనెసంచి కప్పాడు. చంపాపేటలో మా బండ్లు చూసే మెకానిక్ కూడా ఈ మాటకే వచ్చాడు. ప్లగ్గుల్లో వేడిని పట్టి ఉంచే వేడి రకం, త్వరగా వదిలేసే చల్ల రకం ఉంటాయని, ఎండలకు చల్లదే మంచిదని చెప్పి మార్చాడు. బండి ఇంకా త్వరగా ఆగసాగింది. అంటే ఇంకా వేడి దిగలేదన్నమాట! దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణం దుకాణం తిరిగి అంతకంటే చల్లది తెచ్చింది నేనే. డబ్బా మీది ఇంగ్లిష్ అంకెను కూడబలుక్కుని, రెండుసార్లు సరిచూసుకుని మరీ తెచ్చాను. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి, అంకెలు ఇంకా ఆలస్యంగా. ఇంట్లో అందరం కలిసి, ప్రేమతో, ఆ బండి గొంతు నులుముతున్నామని ఒక్కరికీ తోచలేదు.

ఎంపిక ఆదివారం పొద్దున, హయత్‌నగర్ దాటాక ఉన్న గుట్ట దగ్గర. పిల్ల తన వంతుకు ముందు అలవాటు కోసం చిన్న రాయి ఎక్కబోతే బండి అక్కడే ఆగిపోయింది. మా ఆయన ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. పిల్ల ముఖం రాయిలా ఉంది. పోటీకి వచ్చిన ఇంకొకాయన, గుంటూరు మాట మాట్లాడేవాడు, వంగి చూశాడు.

"ఇంత చల్ల ప్లగ్గు ఎవరేయించారండీ దీనికి?"

"ఎండలు గదన్నా. ఇంజిన్ కాలిపోతున్నది," అన్నాడు మా ఆయన.

"కాలేది పైనండీ. తాబేలు నడక బండి ఇది, లోపల ప్లగ్గు కొన కాగట్లేదు. కాగితేనే మసి కాలిపోద్ది. చూడండి, ఎంత నల్లగా ఉందో. వేడి రకం వెయ్యండి, గోధుమరంగు తేలుద్ది."

తన దగ్గర ఉన్నది ఇవ్వబోయి, పక్కన పెట్టి చూసి వెనక్కి తీసుకున్నాడు. అది పొడుగు, మా బండిలో వేస్తే లోపల తగిలి ఇంజిన్ పాడవుతుందట. పాత ప్లగ్గొకటి కొంగున కట్టుకుని నేను ఆటో ఎక్కాను.

ఆదివారం, పైగా పొద్దున. అన్నీ మూసే ఉన్నాయి. ఎల్బీనగర్‌లో ఒక సందులో సగం లేచిన షట్టర్ కిందికి వంగి అడిగితే, లోపల చీపురు పట్టుకున్న ముసలాయన నవ్వాడు. "ఎండలల్ల వేడి ప్లగ్గు ఎవరడుగుతరమ్మా? మళ్ల చలికాలం రాపో," అన్నాడు. నేను బతిమాలలేదు. ఏడ్చాను. ఆయన పరేషానై, చీపురు పడేసి కింది అరలన్నీ లాగాడు. పాతదాని పక్కన పెట్టి పొడుగు, మరలు కొలిచి చూసుకుని పరుగెత్తాను. హైవే మీద లారీలు అడ్డంగా నిలిచిపోయాయి. ఆటోలో కూర్చుని ఆ చిన్న డబ్బాను రెండు చేతుల మధ్య పట్టుకుని ఏ దేవుణ్ణి వేడుకున్నానో కూడా గుర్తులేదు.

నేను చేరేసరికి పిల్ల రాయి పక్కన నేల మీద కూర్చుని ఉంది. హెల్మెట్ తియ్యలేదు.

"అర్ధగంట కిందనే పిలిచిన్రమ్మా," అన్నది. "ఆ ప్లగ్గుతోనే పోయిన. రెండో రాయి మీద ఆగింది."

కాసేపటికి పిల్లే లేచి, నా చేతిలోంచి డబ్బా తీసుకుని ప్లగ్గు బిగించింది. అప్పటికి కంపెనీవాళ్లు గుడారం విప్పుతున్నారు, రాళ్ల చుట్టూ కట్టిన రిబ్బన్లు చుడుతున్నారు. ఎంపికైనవాళ్ల పేర్లు చదివేశారు. చూసేవాళ్లు లేని ఆ రాళ్ల మీద నా బిడ్డ బండి ఎక్కించింది. రెండో రాయి మీద నిలబెట్టింది. నా ఊపిరి ఆగింది, బండి ఆగలేదు. అక్కడే నిలిచి, ముందు చక్రం లేపి, పక్కకు తిప్పి, మూడో రాయి, ఆ పైది, అన్నీ ఎక్కింది. కాలు ఎక్కడా కింద పెట్టలేదు. రిబ్బను చుడుతున్న మనిషి చుట్టడం ఆపి చూశాడు, తర్వాత మళ్లీ చుట్టుకున్నాడు. పైనుంచి దిగి వచ్చి ప్లగ్గు విప్పి మాకు చూపించింది. కొన గోధుమరంగు తేలింది.

ఆ నెలలోనే బండి బాలాపూర్ మనిషెవరో కొనుక్కుపోయాడు. పిల్ల ఇప్పటికీ షాపులో చీరలు మడత పెడుతుంది, అందరితో నవ్వుతూనే మాట్లాడుతుంది. నేనే ఆ పొద్దును మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి, ఆటోను ఇంకాస్త ముందు బయలుదేరదీసి చూసుకుంటుంటాను. కావలసింది దొరకకపోతే మనసు ఏదో ఒకనాటికి సర్దుకుంటుంది. దొరికి, అర్ధగంట వెనకబడి దొరికితే, ఆ అర్ధగంటలోనే మిగిలిన ఏళ్లన్నీ గడపాల్సి వస్తుంది.