కోడి కింద దొరగారి టోపీ

నరసరావుపేట నుంచి మాచర్ల, అక్కణ్ణుంచి వెల్దుర్తి వెళ్ళి రావాలంటే మనిషికి ఏదో ఒక కారణం ఉండాలి. కొందరికి పొలం తగాదా ఉంటుంది. కొందరికి చుట్టాలుంటారు. నాకు తల ఉంది. చుట్టుకొలత ఇరవై ఆరు అంగుళాలు. కొలిచింది మా వీధి దర్జీ. కొలిచాక టేపు మరోసారి చూసుకుని, "ఇది చొక్కాకేనా అండీ?" అని అడిగాడు.

మా నాన్న బతికున్న రోజుల్లో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ నన్ను చూపించి, "వీడి తల చూడండి, ఎంత విద్య పడుతుందో ఇందులో!" అనేవాడు. ఎంత పడిందో నాకు తెలుసు. పరీక్ష మూడుసార్లు తప్పి, ఆఖరికి మశూచి టీకాలు వేసే ఉద్యోగంలో కుదురుకున్నాను. అయినా నాన్న మాట మీద నమ్మకం పోలేదు. పరీక్షలు చిన్న తలల కోసం పెట్టినవని సరిపెట్టుకున్నాను.

నా ఉద్యోగం సైకిలు మీద పల్లెలు తిరగడం. కిందటి వేసవిలో సత్తెనపల్లి రోడ్డు మీద వడదెబ్బ తగిలి పడిపోయాను. దారినపోయే బండివాళ్ళు తెచ్చి ఇంట్లో పడుకోబెట్టారు. "ఇంకోసారి పడితే లేవరు, దొరలు పెట్టుకునే బెండుటోపీ లేకుండా ఎండలోకి పోవద్దు" అన్నాడు డాక్టరు. అది నాతో అనుంటే బాగుండేది. మా ఆవిడ కామేశ్వరితో అన్నాడు. "శివరాత్రి వెళ్ళేలోపు టోపీ తెచ్చుకోండి. లేదంటే ఆ ఉద్యోగం మానేసి మా అన్నయ్యల దగ్గరికి వెళ్ళిపోదాం. మీరు కాంపులో పడిపోయారన్న కబురు మళ్ళీ వినలేను" అందామె. బావమరుదుల గుమ్మంలో చెయ్యి కడగడం కన్నా ఎండకు పోవడమే మేలనిపించింది నాకు. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

పేటలో రెండు కొట్లు, గుంటూరులో నాలుగు తిరిగాను. కొత్త టోపీ ఏదీ నా నడినెత్తి దాటి కిందికి దిగలేదు. కొట్టువాళ్ళు నా తల చూసి, నా ముఖం చూసి, ఏదో అనబోయి ఊరుకునేవారు. అది గౌరవమనుకున్నాను. అప్పుడు మా ఆఫీసు గుమాస్తా ఒక మాట చెప్పాడు. మాచర్ల వైపు కొండల్లో రాళ్ళు పరీక్షించే ఒక దొర యుద్ధం అయిపోగానే సామానంతా అమ్మేసి ఓడెక్కి సీమకు వెళ్ళిపోయాడట. "ఆయన తల మీ తలకు అన్నగారండీ. ఆ టోపీలన్నీ మాచర్లలో పాతసామాన్ల కొట్టులో ఉన్నాయి" అన్నాడు. శివరాత్రి అప్పటికే వెళ్ళిపోయింది. మర్నాడే బయల్దేరాను.

పిడుగురాళ్ళ బస్సు ఆరు గంటలకన్నారు. అది బొగ్గు బస్సు. వెనకనున్న పొయ్యి రాజుకుని బస్సు కదిలేసరికి ఏడుంబావు అయింది. ఎత్తు వచ్చినచోటల్లా మమ్మల్ని దింపేసి నడిపించారు. టిక్కెట్టు మాత్రం పూర్తి దూరానికే. నా పక్కన గురజాల మిరపకాయల వర్తకుడు, తలపాగా మనిషి. నా ప్రయాణం సంగతి విని నా వైపు తిరిగి కూచున్నాడు.

"ఏంది పంతులూ, టోపీ కోసం మాచర్లా? తలపాగా చుట్టుకుంటే పోలా?"

చుట్టానని చెప్పాను. చుట్టుకోవడం ఒక విద్య, అది నా తలలో పడలేదు. సైకిలు ఎక్కగానే విడిపోయి కళ్ళమీదికి జారేది. ఒకసారి అలాగే వెళ్ళి పంటకాలవలో దిగాను. ఆయన నవ్వు పిడుగురాళ్ళ దాకా ఆగలేదు.

పిడుగురాళ్ళలో పదకొండు గంటల రైలు అందింది. నడికుడిలో ఇంజను నీళ్ళు పట్టుకుంటుంటే నేను మజ్జిగ తాగాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు నడికుడి దగ్గరే ఏదైనా తినడం మంచిది. తరవాత స్టేషన్లలో గాలి తప్ప ఏమీ దొరకదు. రెండున్నరకు మాచర్లలో దిగాను. చెన్నకేశవస్వామి గుడి వీధిలో ఒక పూటకూళ్ళ ఇంట్లో భోజనం చేశాను. గోంగూర బాగుంది, అన్నంలో రాళ్ళున్నాయి. ఆ దొర పరీక్షించకుండా వదిలేసినవి కాబోలు.

మస్తాన్ సాహెబు కొట్టు బజారు చివర ఉంది. తెల్లగడ్డం, మెత్తటి మాట. దొరగారి టోపీలు ఆరు కొంటే నాలుగు మిగిలాయట. నాలుగూ పెట్టి చూశాను. నాలుగూ నా నెత్తిమీద తేలాయి. సాహెబు అద్దం పట్టుకుని నా వెనక్కి వెళ్ళి కాసేపు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ ముందుకొచ్చాడు.

"అందరికన్నా పెద్దది వెల్దుర్తి ఆదెమ్మ పట్టుకుపోయిందండీ. దాంతోపాటు ఇంకోటి కూడా."

"ఆవిడకెందుకూ?"

"కొనేవాళ్ళను ఎందుకని అడిగితే కొట్టెట్టా నడుస్తుందండీ?"

ఆ రాత్రి సత్రంలో పడుకుని, మర్నాడు ఏడు గంటల బస్సులో వెల్దుర్తి వెళ్ళాను. పదింటికే ఎండ చురుక్కుమంటోంది. బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి కళ్ళముందు పసుపుపచ్చగా తిరిగింది. కిందటి వేసవిలో పడిపోయే ముందు కూడా అలాగే తిరిగింది. భయమేసి ఒక గోడ నీడన నిలబడిపోయాను. ఎదురుగా రాళ్ళూ, కంది మోళ్ళూ, ఆకాశం. నేను తిరగాల్సిన ఊళ్ళన్నీ ఇలాంటివే.

ఆదెమ్మది ఊరి చివర ఇల్లు. అరవై దాటిన మనిషి, గట్టి ఒళ్ళు. నా భుజాన ఆఫీసు సంచి చూడగానే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఏందయ్యా, టీకాలకొచ్చావా? పోయినేడే పొడిచి పోయారు."

"టీకాలకు కాదమ్మా, టోపీకి" అన్నాను.

ఆవిడ నన్ను వసారా మూలకు తీసుకెళ్ళి చూపించింది. దొరగారి టోపీ వెల్లకిలా పడుంది. అంచుల దాకా ఊక. ఊకలో పన్నెండు గుడ్లు. గుడ్లమీద ఒక ఎర్ర కోడిపెట్ట రెక్కలు పరుచుకుని, ఆ టోపీ తన తాతది అన్నట్టు కూచుంది.

"గంపలో కూకోబెడితే ఎండకు గుడ్లు మురిగిపోతన్నయ్. దీంట్లో చల్లగా ఉంటదని దొర కాడ పనిచేసినోళ్ళు చెప్పారు. పన్నెండు రోజులైంది పొదుగుకు కూకుని. ఇంక తొమ్మిది రోజులు."

కోడిని వేరే గంపలోకి మార్చమని బతిమాలాను. "చోటు మారిస్తే మళ్ళీ కూకోదు. పన్నెండు పిల్లల ఉసురు నీకెందుకు?" అంది. పోనీ కొలత చూసుకుంటానని టోపీ అంచు మీద వేలు పెట్టాను. కోడి నా బొటనవేలు నెత్తురొచ్చేలా పొడిచింది. పదేళ్ళుగా ఊరూరా పిల్లల్ని పట్టుకుని పొడుస్తున్నవాణ్ణి నేను. ఆ బాకీ ఒక్క పోటుతో తీరిపోయింది.

ఆదెమ్మ నవ్వుతూ వేలికి పసుపు అద్ది, నన్ను మంచం మీద కూచోబెట్టి నీళ్ళిచ్చింది. నేను తలమీద చెయ్యి పెట్టుకుని కిందటి వేసవి సంగతంతా చెప్పాను. ఆవిడ లేచి చిలక్కొయ్యకు వేలాడుతున్న రెండో టోపీ తీసింది. అందులో సొరవిత్తనాలున్నాయి. చాటలోకి వంపి నా చేతికిచ్చింది. "ఇది పెట్టి చూడు."

పెట్టాను. తేలింది. "ఇది చిన్నదమ్మా. నా తల చానా పెద్దది" అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆవిడ నా వెనక్కి వచ్చింది. సాహెబులాగా గొంతు సవరించుకోలేదు.

"తల పెద్దదేందయ్యా! ఆ ముడి మీద కూకుంటే టోపీ ఎట్టా దిగుద్ది? జుట్టు ముడి ఇప్పు."

నా వయసువాళ్ళంతా క్రాపు కొట్టించుకున్నా నేను మాత్రం జుట్టు ఉంచుకున్నాను. నడినెత్తికి కాస్త వెనగ్గా, కొబ్బరికాయంత ముడి. దర్జీ టేపు దాని మీదుగా తిప్పి కొలిచాడు. ఆరు కొట్లవాళ్ళు చూశారు, సాహెబు చూశాడు, ఒక్కరూ అనలేదు. అనరు. మా ఇళ్ళలో మగవాడు పరాయివాళ్ళ ముందు జుట్టు విరబోసుకునేది ఇంట్లోంచి శవం లేచే రోజే. నేను విప్పింది కూడా ఒక్కసారే, మా నాన్న పోయినప్పుడు. ఆ మాటే ఆదెమ్మకు చెప్పాను. అది అశుభమన్నాను.

"సరే, ఇప్పమాక. ఈ ఎండకు నువ్వు యాడో దారిలో పడిపోతావు. అప్పుడు నీ కొడుకు ఇరబోసుకుంటాడు జుట్టు. అది బాగుంటదా?"

నా కొడుక్కి ఏడేళ్ళు. పొద్దున్నే వాడి జుట్టు దువ్వి ముడివేసేది నేనే. ఆ ముడి విడిపోయి వాడి చిన్న భుజాల మీద పడినట్టు కనిపించింది. ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ మంచం మీద కూచుని ఏడ్చాను. ఆవిడ ఊరుకోబెట్టలేదు. కోడికి నాలుగు జొన్నలు వేసి వచ్చి కూచుంది.

ముడి విప్పాను. టోపీ పెట్టాను. అది నడినెత్తి దాటింది, నుదురు దాటింది, చెవుల దగ్గర ఆగి అటూ ఇటూ తిరిగింది. వదులు! లోపల ఒక పాత గుడ్డపీలిక కుక్కితే గానీ నిలవలేదు. ముప్పై ఆరేళ్ళ నా పెద్ద తల అలా వెల్దుర్తి వసారాలో కరిగిపోయింది. ఆదెమ్మ నా జుట్టు పోగుచేసి మెడమీద ఆడవాళ్ళ కొప్పులాగా ముడివేసింది. ఇస్తానన్న డబ్బు పుచ్చుకోలేదు. "నా ఇత్తనాలు దేంట్లో పోసుకోను?" అని నా కండువా తీసుకుని సొరవిత్తనాలు మూటకట్టుకుంది.

రెండు గంటల బస్సులో మాచర్ల చేరి, నేరుగా సాహెబు దగ్గరికి వెళ్ళాను. "నిన్ననే ఎందుకు చెప్పలేదు?" అని నిలదీశాను.

"పంతులుగారిని పట్టుకుని జుట్టు ఇప్పమని నేనెట్టా అంటానండీ? నా కొట్లో ఉన్న నాలుగూ మీకు సరిపోయేవే" అన్నాడు, కళ్ళు దించుకుని.

మర్నాడు ఉదయం ఆరింటి రైలెక్కాను. టిక్కెట్టు కలెక్టరు దూరం నుంచి టోపీ చూసి సలాం చేశాడు. దగ్గరికొచ్చి కొప్పు చూశాక ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టిక్కెట్టు అడిగాడు.

నాలాంటి తలలున్నవాళ్ళు ఎవరైనా ఇది చదివి బయల్దేరబోతే వాళ్ళకు చెప్పేది ఒకటే. ముందు ఇంట్లో తలుపేసుకుని ముడి విప్పి కొలుచుకోండి. వెల్దుర్తి దాకా పోనక్కర్లేదు. పోతే మాత్రం ఆ కోడి జోలికి పోకండి.

పిడుగురాళ్ళలో దిగి బొగ్గు బస్సు ఎక్కాను. ఎత్తు రాగానే అందరితోపాటు దిగి నడిచాను. నడినెత్తిన ఎండ. టోపీ కింద చల్లగా ఉంది, కాస్త సొరవిత్తనాల వాసన. నాన్న చెప్పినంత తల కాదు నాది, అందరి తలలాంటిదే. దాన్ని కామేశ్వరికీ పిల్లవాడికీ క్షేమంగా తీసుకెళ్తున్నాను.