ఆకురాయితో చెరిపిన రెండు అక్షరాలు

మొన్న సెలవులకి కాన్‌బెరా వెళ్లి, హారిసన్‌లో మా అమ్మాయి ఇంట్లో వారం రోజులున్నాను. ఒక ఉదయం మా అల్లుడు పెరట్లోని పాత చెక్క బల్లకి అవిసె నూనె పట్టిస్తున్నాడు. గుడ్డ ముంచి అతను రుద్దుతున్నకొద్దీ ఆ వాసన లేచి, వరండాలో కూర్చున్న నన్ను చుట్టుకుంది. చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టేసి, లోపల ఏదో పనున్నవాడిలా లేచి వెళ్లిపోయాను. "తాతయ్యా, ఆర్ యూ ఓకే?" అంటూ మనవరాలు వెంట వచ్చింది. ఓకే అన్నాను. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియక అలా అన్నాను. మీకయితే చెప్పగలను. పాతికేళ్లయినా నిండకుండా పరాయి దేశంలో దిగి, పెద్దవాళ్ల ముందు నోరు విప్పడానికి, ఆఫీసు కాగితం చూడడానికి ఒకేలా భయపడ్డ తరం మనది.

అప్పట్లో నేను బ్రిస్బేన్‌లో లోహాల ఇంజనీరింగు చదువుతున్నాను. అక్కడి సన్నీబ్యాంక్ పేట ఇప్పటిలా మన సరుకుల కొట్లతో నిండి ఉండేది కాదు. కందిపప్పు కావాలంటే ఊరంతా గాలించి ఒక్క కొట్టు పట్టుకోవాలి. తెలుగు మాట చెవిన పడితే బస్సు దిగి వెనక్కి నడిచి మరీ పలకరించేవాళ్లం. అలా దొరికినవాడే మా రూమ్మేటు. నరసాపురం వైపు మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద, అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. ఇద్దరం ఎత్తయిన కర్ర స్తంభాల మీద నిలబెట్టిన ఒక పాత చెక్క ఇంట్లో, వెనక గది తీసుకుని ఉండేవాళ్లం. ఇంటాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన తెల్లాయన. భార్య పోయింది. ఒక్కగానొక్క కూతురూ అల్లుడూ పడమరగా మూడు గంటల దూరంలో జొన్న పండించుకుంటూ ఉండేవారు. ఆదివారం మేము చర్చి నుంచి తిరిగొచ్చేసరికి ఆయన ఇంటి కింద, స్తంభాల మధ్య అమర్చుకున్న పనిబల్ల ముందు కూర్చుని ఉండేవాడు. ఆ బల్ల మీద ఎప్పుడూ ఒక తుపాకీ విప్పి పరిచి ఉండేది.

సైన్యం పాతబడ్డాయని వదిలించుకున్న రైఫిళ్లు కొని, బాగుచేసి, మెరిపించి పెట్టుకోవడం ఆయన సరదా. పేల్చడం మీద ఆయనకి పెద్ద మోజు లేదు. ఒకరు పట్టించుకోకుండా పారేసినదాన్ని మళ్లీ పనిచేసేలా చెయ్యడంలో ఉండే తృప్తి అది. ఫిట్టరు చేతులకి ఏదో ఒకటి కావాలి కదా. మా నాన్నగారి వయసువాడు పక్కన పీట చూపించి కూర్చోమంటే నాకూ ఇల్లు గుర్తొచ్చేది. అలా ఆయన శిష్యుణ్ణయ్యాను.

ఊరి చివర సైన్యపు బూట్లు, దుప్పట్లు, నీళ్ల సీసాలు అమ్మే దుకాణం ఒకటుండేది. అందులో ఒక మూల, ఖాళీ నూనె పీపాలో చెరకు గడలు నిలబెట్టినట్టు రైఫిళ్లు నిలబెట్టి ఉండేవి. ఆయన ఒక్కొక్కటే తీసి చూపిస్తూ నేర్పేవాడు. ముందు తూటాని గొట్టంలోకి తోసి మూసే కడ్డీని, అంటే బోల్టుని, వెనక్కి లాగి లోపల తూటా లేదని కళ్లతో చూడాలి, తర్వాత వేలితో తడమాలి. నూరోసారి చూస్తున్నా మొదటిసారి చూస్తున్నట్టే చూడాలి. బోల్టు తీసి గొట్టం చివర తెల్ల కాగితం పట్టి చూస్తే లోపల మెలి తిరిగిన గాడులు మెరవాలి. ఎక్కడైనా నల్లటి ఉంగరంలా నీడ పడితే అక్కడ గొట్టం ఉబ్బిందన్నమాట. బోల్టు మీది నంబరూ, అది కూర్చునే ఇనుప ఒంటి మీది నంబరూ ఒకటే కావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒంటి మీద డి, పి అని రెండు ఇంగ్లీషు అక్షరాలు గుద్ది ఉన్నాయేమో చూడాలి. ఉంటే అది కవాతు తుపాకీ. అరిగో, బీటలిచ్చో పేల్చడానికి పనికిరాదని సైన్యమే తేల్చి, భుజాన వేసుకుని నడవడానికి మాత్రం ఉంచుకున్నది. "అలాంటిది గోడకి తగిలించుకో మేట్, చెంప మాత్రం ఆనించకు" అన్నాడు ఒకసారి. ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు.

చలి మొదలవుతున్న రోజుల్లో ఒక శనివారం ఆ పీపాలోంచి ఒక రైఫిల్ పైకి తీశాడు. గ్రీజు తుడిచేసరికి దాని కర్ర తేనె రంగులో, అలలు అలలుగా చారలతో బయటపడింది. అంత అందమైన కర్ర నేను మళ్లీ చూడలేదు. ఆయన గొట్టంలోకి చూశాడు, నంబర్లు చూశాడు, కాని ఎప్పుడూ చూసేంతసేపు చూడలేదు. చూపు మాటిమాటికీ ఆ కర్ర మీదికే పోతోంది. ఇనుప ఒంటికి ఎడమ పక్క బొటనవేలంత మేర మరీ నున్నగా, కొద్దిగా లోపలికి అరిగినట్టుగా ఉంటే నేను వేలు పెట్టి చూపించాను. "ఎవరో తుప్పు గీకి ఉంటారు" అన్నాడు, నా వైపు తిరగకుండానే. కొట్టువాడూ అదే మాట అన్నాడు. అంత తొందరగా ఇద్దరూ ఒకే మాట అనడం నాకెందుకో నచ్చలేదు.

రెండు నెలలు దాని మీదే పని. కిరసనాయిలుతో గ్రీజు వదిలించి, కర్రకి పూట పూటకీ అరచేత్తో అవిసె నూనె పట్టించాం. అల్లుడి పుట్టినరోజుకి ఇస్తానన్నాడు ఆయన. పొలంలో అడవిపందులు చేను తొక్కేస్తున్నాయట. ఇచ్చేముందు బోల్టు ఉక్కు మెత్తబడలేదని తేల్చుకోవాలనిపించి, యూనివర్సిటీలో గట్టిదనం కొలిచే మెషీను ఉందిగా, ఒకసారి చూసి పెట్టమని నన్నడిగాడు. కర్ర ఊడదీసి, గొట్టమూ ఒళ్లూ బోల్టూ దుప్పటి ముక్కలో చుట్టి బస్సులో తీసుకెళ్లాను. పక్క సీటు ముసలావిడ చేపలు పట్టే గాలమా అని అడిగింది. ఇవాళ అలా వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి.

అది బుధవారం. బోల్టు గట్టిదనం బాగానే ఉంది. అక్కడితో ఆగిపోవాల్సింది, కాని ఆ నున్నటి చోటు నన్ను వదలలేదు. లోహం మీద అక్షరం గుద్దితే ఆ దెబ్బ పైకి కనిపించేంత వరకే ఆగదు. కింద కూడా లోహం నలిగి ఉంటుంది. ఆకురాయి పెట్టి పైన అరగదీసినా కింది నలుగుడు పోదు, యాసిడ్ రాస్తే బయటపడుతుంది. ఆ పాఠం ఆ టర్మ్‌లోనే విన్నాను. ల్యాబులో ఎవరూ లేరు. దూదితో యాసిడ్ రాసి దీపం కిందికి వంచి చూశాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తడిసిన కాగితానికి అవతలి పక్క రాత తేలినట్టు ఒక నిలువు గీత, దానికో వంపు, దాని పక్కన ఇంకో గీత. డి. పి.

పరుగున ఇంటికొచ్చి అన్నయ్యకి చెప్పాను.

"ల్యాబులో ఎవర్నడిగి చేశావురా?"

"ఎవర్నీ అడగలేదన్నయ్యా."

"తుపాకీ తీసుకెళ్లి యూనిలో పెట్టానని సూపర్‌వైజరుకి చెప్తావా? వీసా పోతే మీ నాన్నగారికేం చెప్తావ్? ఆయన నిన్ను బోల్టు చూడమన్నాడు. చూశావ్. బాగుందని చెప్పెయ్. మిగతాది మనకెందుకు?"

అన్నయ్య చెడ్డవాడు కాదు. నాలాగే భయస్థుడు. మర్నాడు ల్యాబుకి వెళ్లి, యాసిడ్ మచ్చ కనపడకుండా ఎమెరీ కాగితంతో ఆ చోటు రుద్ది, పైన నూనె పూశాను. ఎవడో ఒకసారి చెరిపిన అక్షరాల్ని నేను రెండోసారి చెరిపాను. సాయంత్రం ఆయన చేతిలో పెట్టి, బోల్టు గట్టిదనం బాగానే ఉందండీ అన్నాను. ఆ వాక్యంలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆయన నా భుజం తట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన కూతురే వెనక తొట్టి ఉన్న యూట్ బండి వేసుకుని వచ్చింది. నాన్న చేతిలోంచి రైఫిల్ తీసుకుని, ఆ కర్రకి చెంప ఆనించి చూసుకుని, "బ్యూటిఫుల్, డాడ్" అంది. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. ఆమె బండి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాను.

శనివారం పొద్దున ఆయన టోస్టుకి వెన్న రాసుకుంటుంటే ఎదురుగా నిలబడి, మొత్తం చెప్పేశాను. డి, పి అన్న మాట వినగానే ఆయన చాకు కింద పెట్టాడు. ఫోను దగ్గరికి వెళ్లి డయల్ చేశాడు. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారి ఫోను పెట్టేసి తాళంచెవులు తీసుకున్నాడు. అడగకుండానే నేనూ వెళ్లి బండిలో కూర్చున్నాను.

ఆ మూడు గంటలూ ఆయన బండి ఎక్కడా ఆపలేదు. ఘాట్ రోడ్డు ఎక్కాక రెండు పక్కలా ఎండిన జొన్న చేలు, పైన మబ్బు మచ్చ లేని ఆకాశం. ఎంత ప్రశాంతంగా ఉందంటే, చూస్తున్నకొద్దీ నాకు దడ పెరిగింది. ఎదురుగా ఏ బండి వేగంగా వస్తున్నా అది ఆస్పత్రికి పోతోందేమో అనిపించేది.

ఇంటి ముందు ఆగేసరికి కూతురు బట్టలు ఆరేస్తోంది. రైఫిల్ వరండా కమ్మికి ఆనించి ఉంది. అల్లుడు పందుల కోసం బయల్దేరబోతూ బూట్లు తొడుక్కుంటున్నాడు. ఆయన దిగీ దిగకుండానే కాల్చారా అని అడిగాడు.

"నేనే కాల్చాను డాడ్, నిన్న వెలుతురుండగానే. ఐదు కాలిస్తే నాలుగు డబ్బాకి తగిలాయి" అంది ఆమె, సంతోషంగా.

ఆయన యాసిడ్ రాస్తే నాకు కనిపించిన అక్షరాల సంగతి రెండు మాటల్లో చెప్పి, రైఫిల్ తీసుకెళ్లి, షెడ్డు వెనక పాత లారీ టైరుకి తాళ్లతో బిగించి కట్టాడు. ట్రిగ్గరుకి పొడుగాటి తాడు కట్టి, మమ్మల్నందర్నీ ట్రాక్టరు వెనక నిలబెట్టి లాగాడు. మామూలుగానే పేలింది. వెళ్లి ఇంకో తూటా పెట్టొచ్చి మళ్లీ లాగాడు. మామూలుగానే పేలింది. "చూశారా, ఉత్తినే కంగారు పడ్డారు" అని అల్లుడు నవ్వాడు. మూడోసారి చప్పుడు వేరుగా వచ్చింది, గంట పగిలినట్టు. దుమ్ము సర్దుకున్నాక వెళ్లి చూశాం. బోల్టు తల విరిగిపోయింది. ఇనుప ఒళ్లు పక్కకి చీలింది. తేనె రంగు కర్ర సరిగ్గా చెంప ఆనేచోట రెండుగా విచ్చుకుంది. వేలంత ఇనుప ముక్క వెనకనున్న నీళ్ల ట్యాంకు గుంజలోకి దిగి నిలిచింది. మనిషి కాల్చి ఉంటే కన్ను ఎక్కడుండేదో, ఆ ఎత్తులోనే.

కూతురు నావైపు తిరిగి, "నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"బుధవారం."

ఆమె లోపలికి వెళ్లి అందరికీ టీ తెచ్చింది, నాకు కూడా. ఆమె కప్పు వదలకుండా, నేను గట్టిగా పట్టుకునేదాకా ఆగింది. తిట్టి ఉంటే ఇంతకాలం గుర్తుండేది కాదేమో.

సోమవారం ఆయన ఇంటి కింద మిగిలిన రైఫిళ్లన్నీ వైసులో బిగించి రంపంతో కోస్తూ, రెండో కొస పట్టుకోమని నన్ను పిలిచాడు. రెండోది కోస్తూ ఆగి, చెమట తుడుచుకుని అన్నాడు: "ఆ అరగదీసిన చోటు నేను కొట్లోనే చూశాను. అదేమిటో తెలుసు నాకు. కర్ర మీద ఆశపడి తెలియనట్టు ఉండిపోయాను. నువ్వు మూడు రోజులు దాచావు మేట్, నేను రెండు నెలలు." మళ్లీ రంపం అందుకున్నాడు.

తర్వాత చట్టాలు మారాయి. ఆ దుకాణం పోయింది. లైసెన్సు, ఇనుప పెట్టె లేకుండా ఇప్పుడు ఎవరూ తుపాకీ ముట్టుకోలేరు. అలా ఉండడమే మంచిది. నేను చదువయ్యాక వంతెనలు, గ్యాసు ట్యాంకులు తనిఖీ చేసే ఉద్యోగంలో జీవితమంతా గడిపాను. బీట కనిపించిన రోజు ఆ రోజే రిపోర్టు రాసేవాణ్ణి, పైవాళ్లు విసుక్కున్నా సరే. నా దగ్గర పనిచేసిన పిల్లల్లోనూ తప్పు దాచినవాళ్లు ఉండేవారు. ఇప్పుడు వాళ్లకి మెమోలిస్తారు, ట్రైనింగుకి పంపుతారు, అన్నీ పద్ధతి ప్రకారం జరిగిపోతాయి. కాని తప్పు చేసిన కుర్రవాణ్ణి పక్కన నిలబెట్టుకుని, తన తప్పు అంతకంటే పెద్దదని వాడికి చెప్పగలిగిన పెద్దమనిషి నాకు మళ్లీ తారసపడలేదు. అంతటి మాట చెప్పాల్సిన సందర్భాలు నాకూ రెండు మూడు వచ్చాయి. వచ్చినప్పుడు నేను చెప్పలేదు.