సూది ఎవరు కొనాలి

మేం కుట్టే చొక్కాలన్నీ ఓడెక్కి పోతాయి, ఇక్కడ ఎవరూ తొడగరు. ముప్పై రెండు మిషన్లున్న ఆ రేకుల షెడ్డులో తలుపు పక్క మొదటి మిషను పెద్దమ్మది. ఆవిడ ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పెద్దమ్మే. పంతొమ్మిదేళ్లుగా కాలర్లు కుడుతోంది. నేను ఆవిడ వెనక మిషన్ మీద చొక్కా చేతులు కుడతాను. నేను చేరిన మొదటి రోజే సూది విరిగి బిక్కమొహం వేస్తే, తన మిషనుకు కట్టిన గుడ్డలో గుచ్చి ఉంచిన సూది తీసి, వెనక్కి తిరగకుండానే నా చేతికి అందించింది. దేవుడు ఎవరి చేత్తో ఇస్తాడో అనుకున్నాను ఆ పూట.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. మిషను, గుడ్డ, దారం యజమానివి. సూది మాత్రం కుట్టేవాళ్లది. ఒక టీ ఖరీదుకు నాలుగు సూదులు వచ్చే రోజుల్లో పుట్టిన పద్ధతి అది, అందుకే ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ సూదులు మన దగ్గర తయారు కావు, బయటి దేశం నుంచి రావాలి.

పోయిన ఏడాది మన డబ్బు విలువ పడిపోయింది. ఆ సంగతి మాకు విడమర్చి చెప్పింది పెద్దమ్మ తమ్ముడు. ఆయన రేడియోలు బాగుచేస్తాడు, వాటి విడిభాగాలూ బయటివే. బయటివాడు తన నోటు ఒకటి మార్చుకుంటే ఇప్పుడు మన నోట్లు మునుపటికన్నా ఎక్కువ వస్తాయనీ, కాబట్టి మన చొక్కా వాడికి చవకై ఎగబడి కొంటాడనీ, వాడి సరుకు కొనాలంటే మాత్రం మనం ఎక్కువ నోట్లు పొయ్యాలనీ చెప్పాడు.

"అంటే మా అయ్యగారి నెత్తిన పాలు పోసి, నీ నోట్లో మట్టి కొట్టారన్నమాట" అంది పెద్దమ్మ.

"నీ నోట్లో కూడానే అక్కా. సూదులు కొనడానికి వెళ్లు, నీకే తెలుస్తుంది."

అలాగే అయింది. ఆర్డర్లు రెండింతలయ్యాయి. యజమాని సంబరపడి ఒకరోజు టీతో పాటు బిస్కెట్లు పెట్టించాడు. కూలి పైసా పెరగలేదు. మునుపు నాలుగు సూదులకు పెట్టిన డబ్బుకు ఇప్పుడు రెండే వచ్చాయి. పని పెరిగింది కాబట్టి అవీ త్వరగా అరిగాయి. ఆయన అమ్మేదానికి బయటి ధర, మా కూలికి పాత ధర, మేం కొనే సూదికి మళ్లీ బయటి ధర. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివిన నాకే ఆ అన్యాయం అర్థమైంది. కోపం తగ్గించమని రోజూ ప్రార్థనలో అడుగుతాను. ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా అడగబుద్ధి కాలేదు.

కొనలేక, మొద్దుబారిన సూదుల్నే గడపరాయి మీద నూరుకున్నాం. చూపు ఆనని వాళ్ల సూదులు షెడ్డులో ఇస్త్రీ చేసే తాత తన అన్నం వేళ వదులుకుని నూరిపెట్టేవాడు. కానీ నూరితే మొన వస్తుంది, గరుకు పోదు. ఆ గరుకు గుడ్డ పోగుల్ని తెంపింది. కంటికి ఆనని చిల్లులు ఒక్క ఉతుకుతో నోళ్లు తెరిచాయట. పన్నెండు వందల చొక్కాలు తిరిగొచ్చాయి.

యజమాని షెడ్డు మధ్య నిలబడి, నష్టం అందరి కూలిలో కోస్తానన్నాడు. చిల్లులు ఎక్కువగా కాలర్ల దగ్గరే ఉన్నాయి కాబట్టి పెద్దమ్మ రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. విడిభాగాలు కొనలేక తమ్ముడి దుకాణం అప్పటికే సగం మూతపడింది. ఆ ఇంటికి ఆవిడ కూలే ఆధారం.

పెద్దమ్మ తన మిషను సూది విప్పి ఆయన అరచేతిలో పెట్టింది.

"వేలితో రాసి చూడండి బాబూ."

రాశాడు. వేలు గీరుకుంది.

"చొక్కాలమ్మి బయటి డబ్బు తెచ్చుకునేది మీరు. బయటి ధర పెట్టి సూది కొనేది మేము. ఆ చిల్లు ఎవరు పెట్టినట్టు?"

ఆయన తల తిప్పుకుని, సూది కుట్టేవాళ్లదే, అది మొదటి నుంచీ ఉన్న పద్ధతి అన్నాడు.

"సరే, పద్ధతి ప్రకారమే పోదాం. మాది మేం తీసుకుపోతాం" అని ఆయన చేతిలోని సూది తిరిగి తీసుకుంది.

ముందు నేను లేచాను. తరువాత ఒక్కొక్కరే లేచారు. ముప్పై రెండు మిషన్ల నుంచీ సూదులు ఊడాయి. యజమాని వస్తువు ఒక్కటీ ముట్టకుండా ఇళ్లకు వెళ్లిపోయాం.

ఓడ బయలుదేరే తేదీ దగ్గరపడింది. నాలుగో రోజు ఆయనే సూదుల పెట్టెలు కొని, పెద్దమ్మతో సహా అందరినీ రమ్మని కబురు పెట్టాడు. వెళ్లాం. అయినా తిరిగొచ్చిన చొక్కాల నష్టం మా కూలిలో కోయనే కోశాడు. పైగా, పనివాళ్లకు సూదులు ఉచితంగా ఇచ్చే దయగల యజమానినని కొనేవాళ్ల దగ్గర చెప్పుకుంటున్నాడట.

ఆ మాట విని మేం మండిపడుతుంటే, పెద్దమ్మ దారం కొరికి తెంపి అంది: "సోమవారం వెళ్లి కోసిన కూలి అడుగుదాం. ఒక్కరూ మానకండి."